నాన్నగారికి ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అనే నెట్ కనెక్షన్ పెట్టించొచ్చా?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి నాకు అర్థమైనంతలో మళ్లీ చెప్తాను. మీరు బెంగళూరులో ఉద్యోగం. నాన్నగారు రిటైరై అమ్మగారితో గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్నారు. ఇంట్లో నెట్ పెట్టించాలి. ఒక కంపెనీ మనిషి వచ్చి రౌటర్, టీవీ బాక్సు, ఫోను, ఓటీటీలు అన్నీ ఒకే బిల్లులో ఇస్తాం, మీరేమీ తెలుసుకోనక్కర్లేదు అన్నాడు. మీ ఆఫీసు ఫ్రెండేమో, అవన్నీ ఏమీ తెలియనివాళ్లకి అంటగట్టే కనెక్షన్లు, సొంత రౌటర్ కొని బ్రిడ్జి మోడ్ (కంపెనీ పెట్టె లైన్ అందించి ఊరుకుంటుంది, మిగతా పనంతా మన రౌటర్‌ది) పెట్టించి స్టాటిక్ ఐపీ (నెట్‌లో మన ఇంటికి మారని సొంత అడ్రసు) తీసుకో అంటున్నాడు. కొత్తవాళ్ల కోసమే అని చెప్పుకునే ఇలాంటి కంపెనీలు జనానికి మేలు చేస్తున్నాయా, తెలియనితనాన్ని సొమ్ము చేసుకుంటున్నాయా అని అడిగారు.

పెట్టించండి. నాన్నగారి అవసరానికి అదే సరిపోతుంది. కాకపోతే నాలుగు తాళాలు మీ దగ్గర ఉండాలి: రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ (దాని సెట్టింగులు తెరిచేది), కనెక్షన్‌కి రిజిస్టర్ చేసిన మొబైల్ నంబరు, కంపెనీతో సంబంధం లేని మెయిల్ ఐడీ, వద్దనుకున్న నెలలో మానేసే వీలు. ఈ నాలుగూ ఇవ్వం అంటే ఎంత సులువైన కంపెనీ అయినా పంపించెయ్యండి. ఇస్తామంటే మీ ఫ్రెండ్ మాట పక్కన పెట్టొచ్చు.

ఇక ఎందుకో చెప్తాను. నేను 1999లో గుంటూరు అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్లో పనికి చేరాను. తర్వాత విజయవాడలో కొన్నేళ్లు కేబుల్, నెట్ లైన్ నడిపాను. ఇప్పుడు షాపులకి, క్లినిక్‌లకి, అపార్ట్‌మెంట్లకి నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. అంటే కౌంటర్‌కి రెండు వైపులా నిలబడ్డవాడిని. ఈ ‘సులువు’ అనే సరుకు నేనూ అమ్మాను. అందులో చేసిన ఒక వెధవ పని కూడా కింద చెప్తాను.

మీ ఫ్రెండ్ వెటకారం కొత్తదేమీ కాదు. మన దేశంలో 1995 ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ జనానికి ఇంటర్నెట్ తెరిచింది. మా నెట్ సెంటర్ రోజుల్లో కూడా మోడెమ్ (ఫోన్ లైన్ మీద నెట్ తెచ్చే పెట్టె) కూత పెడుతుంటే లైన్ దొరకాలని దండం పెట్టుకునేవాళ్లం. 56 కేబీపీఎస్ అని రాసి ఉన్న మోడెమ్‌లో ఆ అంకె నేనెప్పుడూ కళ్లతో చూడలేదు. నెట్ నంబరు కలిపే డయలర్ సెట్టింగుల్లో ఒక్క చుక్క తేడా పడితే కనెక్ట్ అయ్యేది కాదు. అప్పుడు నేర్చుకున్నవాళ్లకి అదొక గొప్ప. మాకు వచ్చు, మీకు రాదు.

అదే కాలంలో అమెరికాలో ఏఓఎల్ అని ఒక కంపెనీ ఇంటింటికీ సీడీలు పంచింది. సీడీ వేస్తే చాలు, మెయిలు, వార్తలు, కబుర్ల గదులు అన్నీ దాని సొంత ప్రాంగణంలోనే. అంతకుముందు యూజ్‌నెట్ అని చర్చల వేదికలు ఉండేవి. ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్త పిల్లలు వచ్చి నానా గందరగోళం చేసేవాళ్లు, ఒకటి రెండు నెలల్లో పద్ధతి నేర్చుకుని సర్దుకునేవాళ్లు. 1993 తర్వాత ఏఓఎల్ లాంటివాటి నుంచి జనం విడవకుండా రావడం మొదలయ్యేసరికి పాతకాపులు దానికి ‘అంతులేని సెప్టెంబరు’ అని పేరు పెట్టారు. ఏఓఎల్ మెయిల్ ఐడీ కనిపిస్తే చాలు నవ్వేవాళ్లట. మన దగ్గర కొత్తగా వాట్సాప్‌లోకి వచ్చిన పెద్దవాళ్ల గుడ్‌మార్నింగ్ పువ్వుల మీద ఎన్ని జోకులు వేసుకున్నామో అలాగన్నమాట.

నా ఉద్దేశంలో ఆ నవ్వు తప్పు. బియ్యం కొనేవాడికి నాట్లు వేయడం రావాలా? అక్కర్లేదు. నాన్నగారికి ఐపీ అడ్రస్ అంటే ఏమిటో తెలియకపోతే వచ్చిన నష్టం లేదు. ఆయనకి కావాల్సింది మనవరాలి వీడియో కాల్, భక్తి ఛానల్, క్రికెట్, బ్యాంకు పని.

అయితే కాటా మాత్రం కొనేవాడికి కనపడాలి. మీది గుంటూరు కాబట్టి చెప్తున్నాను. మిర్చి యార్డుకి వచ్చిన రైతుకి ఆ కాయ ఏ దేశం పోతుందో, అక్కడ ధర ఎంతో తెలియకపోవచ్చు. కాటా మీద ముల్లు మాత్రం తన కళ్లతో చూస్తాడు. సులువు కంపెనీల్లో మంచివీ చెడ్డవీ విడిపోయేది ఇక్కడే. నీకెందుకు నేను తూస్తాలే అని కాటాకి అడ్డం నిలబడేవాళ్లు కొందరు. తూకం నేనే వేస్తా, నువ్వు చూస్కో అనేవాళ్లు కొందరు. సులువు రెండు చోట్లా ఉంది.

ఏఓఎల్ కథలో రెండూ కనిపిస్తాయి. లక్షల ఇళ్లకి ఇంటర్నెట్ అంటే ఏమిటో చూపించింది. 1996 డిసెంబరులో నెలకి 19.95 డాలర్లు కట్టి ఎంతసేపైనా వాడుకోండి అనేసరికి జనం పోటెత్తి లైన్లన్నీ ఎంగేజ్. సరే, అంచనా తప్పింది అనుకుందాం. నాకు నచ్చనిది వేరే. బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కూడా మెయిల్ ఐడీ పోతుందేమోనని ఏఓఎల్‌కి నెలనెలా కట్టినవాళ్లు ఉన్నారు. మెయిల్ ఫ్రీ చేసింది 2006లో. ఫోన్ లైన్ మీద నడిచే వాళ్ల డయలప్ సేవ చివరికి 2025 సెప్టెంబరు 30న మూతపడింది.

ఇది అమెరికా ముచ్చట కదా అనుకోకండి. మెయిల్ ఐడీ తాళం ఎలా పడుతుందో నేను గుంటూరులోనే చూశాను. మిర్చి కమిషన్ వ్యాపారి ఒకాయన, పేరెందుకు లెండి, 2000 సంవత్సరం ప్రాంతంలో నెట్ పెట్టించుకున్నప్పుడు కంపెనీ ఒక మెయిల్ ఐడీ ఇచ్చింది. అదే షాపు బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద, ఎగుమతిదారుల దగ్గర, బ్యాంకులో, టాక్స్ లాగిన్‌లో పడిపోయింది. పదేళ్ల తర్వాత స్పీడ్ చాలక వేరే కంపెనీకి మారదామని నన్ను పిలిచారు. కొత్త లైన్ ఒక పూటలో వేశాం. మెయిల్ సంగతి అడిగితే పాతవాళ్లు కనెక్షన్ ఉంటేనే మెయిల్ అన్నారు. పాత మెయిళ్లు బయటికి పంపే సదుపాయం కూడా లేదు. ఆయన ఆ పనికిరాని లైన్‌కి ఏడాదిన్నర బిల్లు కట్టారు. ఒక్కొక్క పార్టీకి ఫోన్ చేసి, బాబూ నా మెయిల్ మారింది, రాసుకో అని గుమాస్తా చేత చెప్పించడానికి అంతకాలం పట్టింది. మొదటిరోజు ఆ మెయిల్ ఫ్రీగా ఇచ్చారని ఆయన ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది.

అందుకే నాన్నగారికి జీమెయిలో ఇంకోటో, నెట్ కంపెనీతో ముడిపడనిది ముందే చేయించండి. ఇది మొదటి తాళం. చిన్నదే.

‘కొత్తవాళ్ల కోసం’ అనే మాట మన దేశంలో పెద్ద గొడవ అయింది 2015లో. ఫేస్‌బుక్ మొదట ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ అని, తర్వాత ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టి, డేటా ఖర్చు లేకుండా కొన్ని సైట్లు చూడొచ్చు అంది. ఏ సైట్లంటే, అందులో చేరినవి. అప్పట్లో నేను దానికి అనుకూలంగా వాదించానండి. ఏమీ లేనివాడికి ఏదో ఒకటి దొరుకుతుంది కదా, కడుపు నిండినవాళ్లు ఎందుకు అడ్డం పడతారు అనేవాడిని. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, చూసే సైటుని బట్టి డేటా ధర మార్చకూడదని నిబంధన తెచ్చేసరికి అది ఇక్కడ ఆగిపోయింది. నాకు కోపమొచ్చింది కూడా.

అదే ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చింది. అప్పటిదాకా ఫోన్‌లో నెట్ ముట్టని మా మేస్త్రీ వారం తిరక్కుండా యూట్యూబ్‌లో టైల్స్ డిజైన్లు వెతుకుతున్నాడు. అతనికి ఎవరూ ముందుగా ఏరి పెట్టిన పది సైట్లు ఇవ్వలేదు. మొత్తం ఇచ్చారు. తడుముకున్నాడు, రెండు మూడు చెత్త యాప్‌లు ఎక్కించుకున్నాడు, నెల తిరిగేసరికి నాకే కొత్త సంగతులు చెప్పాడు. కొత్తవాడికి ముందు చిన్న ఇంటర్నెట్ ఇవ్వాలి, తర్వాత పెద్దది అనే నా లెక్క అక్కడ తప్పింది. కొత్తవాడికి కావాల్సింది తక్కువ ధర, పక్కన అడగడానికి ఒక మనిషి.

ఆ మనిషి సంగతికి వద్దాం, ఎందుకంటే మన ఊళ్లలో సులువు అంటే యాప్ కాదు, లైన్ కుర్రాడు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయలకి నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామని వచ్చినప్పుడు (2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి కోవింద్ చేతుల మీదుగా లాంఛనంగా మొదలైంది) ఇళ్లలోకి తీసుకెళ్లింది ఊళ్లలోని కేబుల్ ఆపరేటర్లే. విజయవాడ సత్యనారాయణపురంలో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ గారు ఉన్నారు. ఆమె నెట్ పోతే కస్టమర్ కేర్‌కి చేయరు. ‘ఒరే అబ్బాయ్, ఎర్ర లైటు వచ్చిందిరా’ అని లైన్ కుర్రాడికి చేస్తారు. వాడు అరగంటలో మోటారు సైకిల్ మీద వచ్చి పాచ్ కార్డ్ (రౌటర్‌కి గుచ్చే చిన్న ఫైబర్ వైరు) తుడిచి పెట్టి, కాఫీ తాగి వెళ్తాడు. ఏ పెద్ద కంపెనీ యాప్ ఇంత సేవ చెయ్యగలదు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు ఇంకా బాగా తెలిసింది. ఫైబర్‌లో వెళ్లేది వెలుతురు, దానికి నీళ్లంటే భయం లేదు. మునిగినవి ఇళ్లలో పెట్టెలు, వీధుల్లో జాయింట్ బాక్సులు, అన్నిటికంటే ముందు కరెంటు. నీళ్లు తీశాక ఎవరి లైన్ ముందు వచ్చిందంటే, ఏ వీధిలో ఏ స్తంభం మీద ఏ జాయింట్ ఉందో బుర్రలో ఉన్న కుర్రాళ్లు ఉన్నచోట. ఆ వారం ఒక పెద్ద కంపెనీ యాప్ మాత్రం మా బంధువుల ఇంటికి ‘రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి’ అని చెప్తూనే ఉంది. రౌటర్ అప్పటికి బురదలో ఉంది.

సరే, కుర్రాడు మంచివాడే. కానీ కుర్రాడు ఉద్యోగం మానేస్తే? ఇక్కడ రెండో తాళం. ఇన్‌స్టలేషన్ రోజు తొందరలో ఓటీపీ కోసం చాలామంది కుర్రాళ్లు తమ నంబరే రిజిస్టర్ చేసేస్తారు. పెద్దవాళ్లు పర్లేదులే అంటారు. తర్వాత ఆ కుర్రాడు హైదరాబాద్ వెళ్లిపోతాడు. ప్లాన్ మార్చాలన్నా, పేరు మార్చాలన్నా, అసలు మానెయ్యాలన్నా ఓటీపీ అతనికి వెళ్తుంది. ఇలాంటివి ఏడాదికి నా దగ్గరికి పది పన్నెండు వస్తాయి. రిజిస్టర్డ్ నంబరు నాన్నగారిదో మీదో ఉండాలి. నన్నడిగితే మీదే పెట్టండి.

ఇక నా వెధవ పని. లైన్ నడిపే రోజుల్లో మాకు ఆరేడు వందల కనెక్షన్లు. జనం రౌటర్ సెట్టింగుల్లో వేలు పెట్టి పాడుచేస్తున్నారని, అందరి రౌటర్లకీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. వైఫై పాస్‌వర్డ్ ఏమో ఆ ఇంటి ఫోన్ నంబరే, గుర్తుంటుందని. ఫోన్ కాల్స్ సగం తగ్గాయి. కస్టమర్లు కూడా ఖుషీ, ఏ సమస్య వచ్చినా నేనో మా కుర్రాడో చూస్తాం కదా. ఒక సంక్రాంతి సెలవుల్లో ఇంటర్ చదివే పిల్లాడొకడు మా కుర్రాడు టైప్ చేస్తుంటే భుజం మీద నుంచి చూశాడు. రెండ్రోజుల్లో వాళ్ల అపార్ట్‌మెంట్‌లో పదకొండు ఇళ్ల వైఫై పేర్లు ‘ముందు బాకీ కట్టు’ అని మారిపోయాయి. బాకీ లేనివాళ్లు కూడా నా మీద పోట్లాటకి వచ్చారు. పిల్లాడు సరదాపడి పేర్లు మార్చాడు కాబట్టి సరిపోయింది. వాడే కొంచెం దుర్మార్గుడైతే ఆ ఇళ్ల నెట్ ఎటు తిప్పేవాడో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. ఇంటింటికీ తిరిగి వేరువేరు పాస్‌వర్డ్‌లు పెట్టి, కాగితం మీద రాసి చేతికిచ్చి వచ్చాను. నాలుగు రోజులు పట్టింది. ఆ కాగితాలు చాలామంది పారేశారు, అది వేరే సంగతి.

వాళ్లకి ఏమీ తెలియదు, నేను చూసుకుంటా అన్నది నేను మంచి మనసుతోనే. కానీ లాభం ఎవరికి? నాకు. కాల్స్ తగ్గింది నాకు. కంపెనీలు రౌటర్ లాగిన్ ఇవ్వకపోవడానికి చెప్పే కారణం కూడా ఇదే, భద్రత. సగం నిజం. తెలియక ఎవరో ఏదో నొక్కి లైన్ పాడుచేసుకోవడం నిజంగానే ఉంటుంది. అందుకని ఈ మూడో తాళం నాన్నగారికి వద్దు, మీకు ఇవ్వమనండి. లోపలి ఫైబర్ సెట్టింగులు దాచుకున్నా పర్వాలేదు, వైఫై పేరు, పాస్‌వర్డ్, డీఎన్ఎస్ (సైటు పేరుని అడ్రసుగా మార్చేది), ఎవరెవరు కనెక్ట్ అయ్యారు అనే పట్టిక కనిపించాలి.

మీ ఫ్రెండ్ చెప్పిన స్టాటిక్ ఐపీ విషయానికి వస్తే, ఎవరికి కావాలో ఒక కేసు చెప్తాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మందుల షాపు. నాలుగు కెమెరాలు, వాటిని రికార్డు చేసే పాత డీవీఆర్ పెట్టె. యజమాని ఇంట్లో కూర్చుని ఫోన్‌లో షాపు చూసుకునేవారు. నెలకి రెండొందలు మిగులుతుందని ‘అంతా సులువు’ కంపెనీకి మారారు. ఆ రోజు నుంచి ఫోన్‌లో కెమెరా రాదు. కస్టమర్ కేర్ మూడు వారాల పాటు రౌటర్ రీస్టార్ట్ చేయించింది. డీవీఆర్ పోయిందని ఎవరో చెప్తే కొత్తది కొనడానికి సిద్ధపడ్డారు. నేను వెళ్లి రౌటర్ స్టేటస్ పేజీ చూస్తే ఐపీ 100.72 తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు కంపెనీ తన కస్టమర్ల మధ్య పంచుకోడానికి పెట్టుకున్నవి, బయటి ప్రపంచానికి కనిపించవు. పాత పద్ధతి ఐపీ అడ్రసులు మొత్తం కలిపి 430 కోట్ల లోపే. ప్రపంచానికి చాలవు. అందుకని ఒకే బయటి అడ్రసుని వందల ఇళ్లకి పంచుతారు.

అపార్ట్‌మెంట్‌కి ఒకటే డోర్ నంబరు ఉండి, ఫ్లాట్ నంబర్లు బయట ఎవరికీ తెలియవనుకోండి. లోపలివాళ్లు ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది, వాచ్‌మన్ ఎవరు రాశారో గుర్తుపెట్టుకుని ఇస్తాడు. బయటివాడు తనంతట తాను వచ్చి సుబ్బారావు గారి ఫ్లాట్ ఏది అంటే మాత్రం చెప్పేవాడు లేడు. కెమెరా కోసం మనం ఫోన్ నుంచి వెళ్లడం ఆ బయటివాడి రాకలాంటిది.

నాన్నగారికి ఇది అడ్డం కాదు. వీడియో కాల్, టీవీ, బ్యాంకు అన్నీ లోపలి నుంచి రాసే ఉత్తరాలే. ఇప్పుడొస్తున్న కెమెరాల్లో చాలావరకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే కెమెరా కంపెనీ సర్వర్ మీదుగా పనిచేస్తాయి కూడా. కాబట్టి స్టాటిక్ ఐపీకి డబ్బు పెట్టక్కర్లేదు. మందుల షాపాయనకి జరిగిన అన్యాయం అడ్రసు పంచుకోవడం కాదు, ఆ ముక్క చెప్పకపోవడం. మీ ప్లాన్‌లో పబ్లిక్ ఐపీ, అంటే బయటికి కనిపించే అడ్రసు, ఉండదండీ, పాత డీవీఆర్ ఉంటే నెలకి ఇంత కట్టాలి అని మొదటిరోజు ఒక్క మాట అంటే అయిపోయేది. కొత్తవాళ్లకి అర్థం కాదని చెప్పం అంటారు. అర్థం చేసుకోనక్కర్లేదు, నా కెమెరా పనిచేస్తుందా లేదా అన్నది అందరికీ అర్థమవుతుంది.

స్పీడ్ గురించి ఎక్కువ చెప్పను. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు, ఎనిమిదితో భాగించాలి. ఇద్దరు పెద్దవాళ్లకి 50 కూడా ఎక్కువే. 300 తీసుకోండి అని ఎవరైనా ఊరిస్తే పడకండి. బ్రాడీపేట పాత ఇళ్ల గోడలు మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండో గోడ దాటేసరికి నీరసపడుతుంది. వెనక గదిలో నెట్ స్లో అంటే కంపెనీవాళ్లు పెద్ద ప్లాన్ అమ్ముతారు. కావాల్సింది పెద్ద ప్లాన్ కాదు, రౌటర్ని షో కేసులో టీవీ వెనక నుంచి తీసి నడవలో ఎత్తుగా పెట్టడం. ఏ గోడకి పెట్టాలో ఇన్‌స్టలేషన్‌కి ముందే చెప్పండి. కుర్రాళ్లు కిటికీ దగ్గర వైరు ఎక్కడ దిగితే అక్కడే మేకు కొడతారు.

‘అన్‌లిమిటెడ్’ మాటకి కూడా హద్దు ఉంటుంది. అదీ ఆయన ముట్టుకోలేనంత దూరంలో ఉంటుంది కాబట్టి వదిలెయ్యండి. (ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కొత్తలో ఒక ప్లాన్‌లో రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా ఫ్రీ ఉండేది. అలారం పెట్టుకుని లేచి డౌన్‌లోడ్ వేసి పడుకున్నవాళ్లలో నేనొకడిని.) ధర అడిగేటప్పుడు జీఎస్టీతో కలిపి అడగండి. 499 అంటే 18 శాతం కలిపి 588 రూపాయల 82 పైసలు.

నాలుగో తాళం, మానేసే వీలు. ఏడాది కడితే రెండు నెలలు ఫ్రీ, రౌటర్ ఫ్రీ, ఇన్‌స్టలేషన్ ఫ్రీ అంటారు. మొదటిసారి మూడు నెలలకి మించి కట్టకండి, రెండొందలు ఎక్కువైనా సరే. ఏడాది డబ్బు చేతిలో పడ్డాక కుర్రాడి అరగంట రెండ్రోజులు అవడం నేను చూశాను. రౌటర్ కంపెనీదా మనదా, తిరిగిస్తే డిపాజిట్ ఎన్నాళ్లకి వస్తుంది అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇంకో సంగతి. టీవీ, ఫోను, నెట్ ఒకే బిల్లులో ఉంటే రీఛార్జి మర్చిపోయిన రోజు మూడూ ఒకేసారి పోతాయి. అమ్మగారి సీరియల్ టైములో అలా అయితే మీకు బెంగళూరుకి ఫోన్ వస్తుంది, ఎవరి ఫోన్ నుంచో ఊహించుకోండి. ఆటో పే మీ అకౌంట్‌కి పెట్టుకోండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ డబ్బు, చిరాకు. నాకు అసలు భయం ఇంకొకటి. అన్నీ మేమే చూసుకుంటాం అనే మాటకి అలవాటు పడ్డ మనిషి, ఆ మాట ఎవరన్నా నమ్ముతాడు. విజయవాడ పటమటలో ఒక రిటైర్డ్ ఉద్యోగి. ఆయన నెట్ కంపెనీ ప్రతిదానికీ ఫోన్ చేసి ఓటీపీ చెప్పండి సార్ అనేది. ప్లాన్ రెన్యువల్‌కి ఓటీపీ, కంప్లైంట్ మూయడానికి ఓటీపీ. ఆయనకి అది మామూలు అయిపోయింది. ఒకరోజు, నెట్ ఆఫీసు నుంచి సార్, మీ రౌటర్ అప్‌గ్రేడ్ చేస్తున్నాం అని ఫోన్. స్క్రీన్ చూపించే యాప్ ఎక్కించమన్నారు. ఎక్కించారు. బ్యాంకు ఓటీపీ వచ్చింది, చదవబోతుండగా కూతురు చూసి ఫోన్ లాక్కుంది. ఆయన నాతో అన్న మాట: ‘రోజూ అడిగేవాళ్లే కదా బాబూ అనుకున్నా.’ మోసగాడు కొత్తగా ఏమీ నేర్పలేదు, కంపెనీ నేర్పిన అలవాటునే వాడుకున్నాడు.

కాబట్టి నాన్నగారికి ఒక్కటి చెప్పండి. నెట్ సంగతి ఫోన్‌లో ఎవరు ఏమడిగినా, మా అబ్బాయినే అడగండి అని పెట్టెయ్యడమే. రిజిస్టర్డ్ నంబరు మీది పెట్టమన్నది అందుకు కూడా. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకనివ్వకండి, దొంగ నంబర్లు బోలెడు. బిల్లు మీద ఉన్నది రౌటర్ పక్కన గోడకి అతికించండి. ఎప్పుడైనా డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి, ఆ నంబరు కూడా అక్కడే రాయండి.

మీ ఫ్రెండ్‌కి న్యాయం చెయ్యాలి కదా. ఆయన చెప్పిన పద్ధతి మీ ఇంటికి సరైనదే. ఇంటి నుంచి పని, సర్వర్లు, కెమెరాలు ఉన్నవాళ్లు సొంత రౌటర్ పెట్టుకుంటే కంపెనీ మారినా ఇంట్లో ఏమీ మార్చక్కర్లేదు. కానీ బ్రిడ్జి మోడ్ పెట్టిన ఇంట్లో నెట్ పోతే కంపెనీ కుర్రాడు ‘మీ రౌటర్‌ది సార్, మాది కాదు’ అని వెళ్లిపోతాడు. అప్పుడు బాగుచెయ్యాల్సింది నాన్నగారు. మీరు బెంగళూరులో మీటింగ్‌లో ఉంటారు. తెలిసినవాళ్లు ఇచ్చే సలహాల్లో ఇదొక ఇబ్బంది, తమ ఇంటికి నప్పింది అందరికీ చెప్తారు.

ఇన్‌స్టలేషన్ రోజు మీరు లేకపోయినా వీడియో కాల్‌లో ఉండండి. రౌటర్ స్టేటస్ పేజీలో ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం కనిపిస్తుంది, మైనస్ అంకె. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. మైనస్ 27 దగ్గర ఉంటే ఆ రోజు పనిచేసినా వానాకాలానికి ఏడిపిస్తుంది, జాయింట్ మళ్లీ వేయించండి. కుర్రాడు కొంచెం విసుక్కుంటాడు, కానీ చేస్తాడు. ఏ కంప్లైంట్ ఇచ్చినా నంబరు అడిగి రాసుకోండి. కుర్రాడికి వాట్సాప్ చేస్తే పని త్వరగా అవుతుంది, కానీ దానికి లెక్క ఉండదు. రేపు కంపెనీలో పై అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీకో వినియోగదారుల కమిషన్‌కో వెళ్లాల్సి వస్తే చూపించేది ఆ నంబరే. టెలికాం ఫిర్యాదులు వినియోగదారుల కమిషన్లు వినొచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి అక్కడికి వెళ్లలేరు అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి.

ఆ వచ్చిన కంపెనీ మనిషికి ఫోన్ చేసి మూడు అడగండి: రౌటర్ లాగిన్ ఇస్తారా, మూడు నెలల ప్లాన్ ఉందా, మానేస్తే ఎన్ని రోజుల్లో డిపాజిట్ ఇస్తారు. ఏం చెప్పాడో ఇక్కడ రాయండి. నాన్నగారి ఇల్లు బ్రాడీపేట ఎన్నో లైనో, ఎన్నో అడ్డరోడ్డో కూడా చెప్తే, ఆ వైపు స్తంభాల మీద ఎవరి కేబుల్ నిజంగా నడుస్తోందో, ఎవరిది ఊరికే వేలాడుతోందో కనుక్కుని చెప్తాను. వచ్చే వారం ఎలాగూ అటు పని ఉంది.